మేనేజర్ మారిన రోజే ఇంట్లో పండగ: ఒక వైట్ సాక్స్ ఫ్యాన్ కేసు

ముందే ఒక మాట చెప్పేస్తా. ఇందులో మనిషి వివరాలు, అంటే ఊరు, ఉద్యోగం, పిల్లలు, ఏ ఏడాది అమెరికా వచ్చారు లాంటివన్నీ మార్చేశాను. రాస్తున్నానని ఆయనకీ వాళ్లావిడకీ చెప్పాను, ఇద్దరూ సరేనన్నారు. ఆయన పెట్టిన కండిషన్ ఒక్కటే. "టీమ్ పేరు మాత్రం మార్చకండి మేడమ్, వాళ్లు చేసింది వాళ్ల ఖాతాలోనే ఉండాలి" అన్నారు. సరే, టీమ్ చికాగో వైట్ సాక్స్. టీమ్ సంగతులన్నీ పేపర్లలో వచ్చినవే కాబట్టి దాచేదేం లేదు.

నేను చికాగో పడమటి సబర్బ్స్‌లో కౌన్సెలర్‌ని. నా దగ్గరకొచ్చేవాళ్లలో సగం మంది మనవాళ్లే. అత్తగారు ఆరు నెలల వీసా మీద వచ్చినప్పటి గొడవలు, గ్రీన్‌కార్డ్ టెన్షన్లు, టీనేజ్ పిల్లలు, ఇవే ఎక్కువ. బేస్‌బాల్ వల్ల ఎవరైనా నా సోఫాలో కూర్చుంటారని నేనైతే ఎప్పుడూ అనుకోలేదు. నాకా ఆట గురించి అప్పటికి తెలిసింది కూడా సున్నా. ఆ తెలియకపోవడం నన్ను ఒకచోట ముంచింది, ఇంకోచోట కాపాడింది కూడా.

మీలోనూ తెలియనివాళ్లుంటారు కాబట్టి రెండు ముక్కలు. బేస్‌బాల్‌లో మేనేజర్ అంటే ఆఫీసు మేనేజర్ కాదు, మన క్రికెట్ కోచ్ లాంటాయన, కాకపోతే గ్రౌండ్‌లో కెప్టెన్ తీసుకునే నిర్ణయాలు కూడా చాలావరకు ఆయనవే. ఆయన పైన జనరల్ మేనేజర్, ఎవర్ని తెచ్చుకోవాలి ఎవర్ని వదిలించుకోవాలి అనేది ఆయన చూస్తాడు. అందరి పైన ఓనర్. సీజన్‌కి 162 గేములు, మార్చి ఆఖర్నుంచి సెప్టెంబర్ ఆఖరు దాకా దాదాపు రోజూ ఉంటాయి. ఈ "రోజూ" అన్నదే అసలు పాయింట్. మన హైదరాబాద్ ఐపీఎల్‌లో ఓడితే తిట్టుకుని తేరుకోడానికి మధ్యలో రెండు మూడు రోజులు దొరుకుతాయి, ఇక్కడ తేరుకునేలోపే మళ్లీ టాస్... సారీ, టాస్ కూడా ఉండదు వీళ్లకి.

మనిషి గురించి

నలభై దాటిన మనిషి, ఐటీ, ఇద్దరు పిల్లలు. ఇరవై ఏళ్ల కిందట ఒక్కడే వచ్చి ఇంకో ముగ్గురితో అపార్ట్‌మెంట్ షేర్ చేసుకుంటున్న రోజుల్లో, ఆఫీసులో పక్క సీటాయన ఒక శుక్రవారం సాయంత్రం 35వ వీధిలో ఉన్న స్టేడియంకి లాక్కెళ్లాడట. పై వరసలో చవక టికెట్, చేతిలో హాట్‌డాగ్, రూల్స్ ఒక్కటీ అర్థం కాలేదు. 2005లో అదే టీమ్ హ్యూస్టన్ ఆస్ట్రోస్‌ని 4-0తో ఊడ్చేసి వరల్డ్ సిరీస్, అంటే బేస్‌బాల్ ఫైనల్, కొట్టింది, 1917 తర్వాత మళ్లీ అదే, 88 ఏళ్ల గ్యాప్. ఆ అక్టోబర్ గురించి ఆయన ఇలా చెప్పారు: "దేశం కొత్త, చలి కొత్త, లంచ్ టేబుల్ దగ్గర ఏం మాట్లాడాలో తెలీదు మేడమ్. ఆ నెలలో మాత్రం లిఫ్ట్‌లో ఎవరెక్కినా మాట్లాడ్డానికి నా దగ్గర ఒక టాపిక్ ఉండేది". స్టేడియం పేరు ఆ తర్వాత రెండుసార్లు మారింది, ఆయన మాత్రం ఇప్పటికీ "సెల్" అనే అంటారు, అప్పట్లో యూఎస్ సెల్యులార్ ఫీల్డ్ కదా.

ఏ సమస్యతో వచ్చారు

2024 ఆగస్టులో ముందు ఫోన్ చేసింది వాళ్లావిడ. ఆ ఎండాకాలం టీమ్ వరసగా 21 గేములు ఓడింది, అమెరికన్ లీగ్‌లో (పెద్ద టీమ్‌లలో సగం ఆడే లీగ్) ఒక పాత చెత్త రికార్డుతో సమానం. ఆగస్టు 6న ఓక్లాండ్‌లో ఎట్టకేలకు ఒకటి గెలిచారు, గెలిచిన రెండ్రోజులకి, 8న, మేనేజర్ పెడ్రో గ్రిఫోల్‌ని తీసేశారు. (21 ఓడేదాకా ఉంచి ఒకటి గెలవగానే తీసేయడం ఏంటో నాకిప్పటికీ అర్థం కాలేదు, ఆయన్నడిగితే "అదే కదా మేడమ్ నేను చెప్పేది" అన్నారు.)

ఆవిడ ఫోన్లో చెప్పినవి నోట్స్‌లో రాసుకున్నాను. రాత్రి పన్నెండు దాకా వెస్ట్‌కోస్ట్ గేములు చూసి పొద్దున మీటింగ్‌లో కునికిపాట్లు. టీమ్ ఆఫీసుకి పేజీలకి పేజీలు ఈమెయిళ్లు. చిన్నోడు, తొమ్మిదేళ్లవాడు, కబ్స్ టోపీ పెట్టుకుని స్కూలుకెళ్లాడని వాడితో నాలుగు రోజులు సరిగ్గా మాట్లాడలేదు. కబ్స్ అంటే ఊరికి ఉత్తరాన ఉండే ఇంకో టీమ్, పగవాళ్లు. పిల్లాడు పాపం అన్నది ఒక్కటే, "నాన్నా, వాళ్లు గెలుస్తారు కదా, అందుకే".

చివర్లో ఆవిడ ఇంకో మాట అన్నారు. "ఓడిపోతే పర్లేదండీ, మాకు అలవాటైపోయింది. ఎవర్నో ఒకర్ని పీకేసిన రోజే నాకు భయమేస్తుంది." రాసుకున్నాను, కింద గీత కూడా గీశాను, తర్వాత పది వారాలు ఆ పేజీ మళ్లీ తిప్పి చూడలేదు. కేసు మొత్తం ఆ ఒక్క వాక్యంలో ఉంది.

ముందు ఏం లేవో చూసుకున్నా

మొదటి రెండు సెషన్లు ఇదే పని. బెట్టింగ్ ఉందా అని అడిగాను, ఇల్లినాయ్‌లో 2020 నుంచి స్పోర్ట్స్ బెట్టింగ్ లీగల్, ఆటల మీద ఇంత కోపంగా వచ్చే మగాళ్లని ఈ ప్రశ్న అడక్కపోతే తప్పు నాదే. లేదన్నారు, భార్య కూడా బ్యాంక్ స్టేట్‌మెంట్లు చూసి లేదనే చెప్పారు. మందు వారానికి రెండు బీర్లు. ఇంట్లో ఎవరి మీదా చెయ్యెత్తింది లేదు, ఇది విడిగా ఆవిడనొక్కదాన్నే కూర్చోబెట్టి అడిగాను. డిప్రెషన్ కొలిచే పీహెచ్‌క్యూ-9లో 9 వచ్చింది, మైల్డ్ అంటాం. మరీ హుషారు వచ్చి డబ్బు ఖర్చు పెట్టే రోజులున్నాయని తెలిశాక బైపోలార్ (మూడ్ విపరీతంగా పైకీ కిందకీ ఊగే జబ్బు) ఏమైనా ఉందా అని కూడా చూశాను, కానీ ఆ హుషారు ఒకట్రెండు రోజుల్లో దిగిపోతుంది, నిద్ర మామూలుగానే కావాల్సి వస్తుంది, పైగా ప్రతిసారీ టీమ్ వార్తతోనే మొదలవుతుంది. అది కాదని పక్కన పెట్టాను.

అంటే జబ్బు పేరు పెట్టదగ్గదేం లేదు. ఇంట్లో మాత్రం నలుగురికీ ఊపిరాడటం లేదు.

ఏం చేశాను, ఏం పోయాయి

మొదటిది, మానేయడం. ముప్పై రోజులు గేమ్ చూడొద్దు, యాప్ తీసేయండి, స్కోరు అడగొద్దు అని చెప్పాను. నా లెక్క ఏంటంటే, మంట పెట్టేది ఆటే కాబట్టి కట్టె లాగేస్తే మంట ఆగుతుంది. ఆయన చాలా బుద్ధిగా ఒప్పుకున్నారు. రెండో వారంలో ఆవిడ ఫోన్: రాత్రి చెత్తబుట్ట బయట పెట్టడానికి వెళ్లి గంటన్నర అయినా రాకపోతే వెళ్లి చూశారట, గ్యారేజ్‌లో లైట్ ఆపేసి, కార్లో కూర్చుని, రేడియోలో కామెంటరీ వింటున్నారు, సౌండ్ బాగా తగ్గించి, చెవి స్పీకర్‌కి ఆనించి. దొంగతనం చేస్తూ దొరికిపోయినట్టు మొహం పెట్టారట. నేను అంతకుముందు ఆయనకి కోపం ఒక్కటే ఇచ్చిన టీమ్‌కి, ఇప్పుడు సిగ్గు కూడా కలిపాను.

ఇక్కడ నేను ఆలోచించాల్సింది ఆలోచించలేదు. రాబర్ట్ చాల్డీనీ 1976లో కాలేజీ ఫుట్‌బాల్ మీద చేసిన పాత స్టడీ మా చదువులో అందరికీ చెప్తారు, కాలేజీ టీమ్ గెలిస్తే స్టూడెంట్లు "మేం గెలిచాం" అంటారు, ఓడితే "వాళ్లు ఓడారు" అని మెల్లగా జారుకుంటారు. మామూలు ఫ్యాన్‌కి ఆ తలుపు తెరిచే ఉంటుంది. ఈయన మాత్రం ఇరవై ఏళ్లుగా "మనం ఓడిపోయాం మేడమ్" అంటారు, ఒక్కసారి కూడా "వాళ్లు" అనరు. "వాళ్లు" అనే మాట ఆయన వాడేది ఓనర్నీ మేనేజ్‌మెంట్‌నీ మాత్రమే. ఇంత లోతుగా దిగిన మనిషిని పక్కకి రమ్మంటే రాడు, గ్యారేజ్‌లోకి వెళ్తాడు.

రెండోది, తవ్వడం. మా వృత్తికి ఒక రోగం ఉంది, కోపం కనబడితే చాలు దాని కింద ఇంకేదో ఉంటుందని పార పట్టుకుంటాం. టీమ్ అంటే తండ్రేమో, వదిలేసిన ఊరేమో, ఆఫీసులో రాని ప్రమోషనేమో. మూడు సెషన్లు తవ్వాను. మీ నాన్నగారితో ఎలా ఉండేది అని అడిగితే ఆయన నా వైపు జాలిగా చూసి, "మా నాన్న బాగానే ఉన్నారు మేడమ్, కింద పోర్షన్ అద్దెకిచ్చుకుని, పొద్దున్నే వాకింగ్, సాయంత్రం పేకాట. ఆయనకీ నాకూ ఏం లేదు. నాకు కోపం టీమ్ మీదే" అన్నారు. ఆఫీసులో కూడా ఆయనకి మంచి పేరే. కోపం టీమ్ మీదే అన్న మనిషి మాటని నమ్మడానికి నాకు మూడు వారాలు పట్టింది, ఆ మూడు వారాల ఫీజు తిరిగివ్వాలనిపించింది కానీ ఇవ్వలేదు, ఒప్పుకుంటున్నా.

మూడోది, థాట్ రికార్డ్. మనసుకొచ్చిన ఆలోచన రాయాలి, దానికి సాక్ష్యం ఏంటో ఎదురు సాక్ష్యం ఏంటో రాయాలి, అతిగా ఊహించుకుంటున్నామేమో చూసుకోవాలి, సీబీటీ, అంటే ఆలోచనల తీరు మార్చి బాధ తగ్గించే థెరపీలో అందరూ వాడే పద్ధతి. ఆయన ఎక్సెల్‌లో చేసుకొచ్చారు. మొదటి వరసలో "ఈ టీమ్ ఆధునిక బేస్‌బాల్ చరిత్రలోనే ఒక సీజన్‌లో అందరికంటే ఎక్కువ ఓడిన టీమ్ అవుతుంది" అని ఉంది. పుస్తకం ప్రకారం ఇది అతి ఊహ. నేను పెన్ను తీసి పక్కన రాయబోతే ఆయన ఆపారు. "ఎదురు సాక్ష్యం కాలమ్ ఖాళీగా ఉంది మేడమ్, చూశారా?"

సెప్టెంబర్ 27న డెట్రాయిట్‌లో 4-1తో ఓడి, 1962 న్యూయార్క్ మెట్స్ 120 ఓటముల రికార్డు దాటేశారు. 121. అదే రాత్రి అదే గ్రౌండ్‌లో డెట్రాయిట్ వాళ్లు పదేళ్ల తర్వాత ప్లేఆఫ్స్‌కి వెళ్లామని ఎగిరి గంతులేస్తున్నారు. సీజన్ 41-121తో, అంటే 41 గెలుపులు, 121 ఓటములతో ముగిసింది. తర్వాతి సెషన్‌కి ఆయన అదే షీట్ ప్రింట్ తీసుకొచ్చి టేబుల్ మీద పెట్టారు, ఏం మాట్లాడలేదు. పేషెంట్ చెప్పింది అక్షరాలా నిజమైతే ఇక థాట్ రికార్డ్ ఏం చేస్తుంది? ఆయన బుర్రలో తప్పు లేదు. టీమ్ గురించి ఆయన అంచనా నా అంచనా కంటే, చాలామంది రాసేవాళ్ల అంచనా కంటే కరెక్ట్. మరి ఇంత కరెక్ట్‌గా తెలిసిన మనిషికి ప్రతిసారీ దెబ్బ ఎందుకు తగులుతోంది?

బోర్డు మీద డబ్బాలు

అప్పుడు ఇంక ఏం చెయ్యాలో తోచక, ఏమీ మార్చొద్దు, ఊరికే రాయండి అన్నాను. గత రెండేళ్ల క్యాలెండర్ తీసుకుని, ఈమెయిళ్లు, కార్డు బిల్లులు, ఫ్రెండ్స్‌తో చాట్‌లు చూసుకుంటూ, ఏ రోజు మూడ్ సున్నా నుంచి పదిలో ఎంతుందో గుర్తు తెచ్చుకుని వేయమన్నాను. పక్కన టీమ్‌లో ఆ రోజు ఏం జరిగిందో.

నేనైతే ఓడిన రోజులు కిందకీ గెలిచిన రోజులు పైకీ ఉంటాయనుకున్నా. అలా లేదు. ఓడిన రోజులన్నీ ఒకే బద్దకమైన గీత, మూడు, నాలుగు, మూడు. గెలిచినా ఐదే. తొమ్మిదులూ పదులూ ఎక్కడున్నాయో తెలుసా? 2023 ఆగస్టు 22న, కెన్ విలియమ్స్‌నీ రిక్ హాన్‌నీ, అంటే మేనేజ్‌మెంట్‌లో పై ఇద్దర్నీ ఒకేరోజు తీసేసిన రోజు, పది. ఆ రాత్రే పిజ్జా, ఫ్రెండ్స్‌కి ఫోన్లు, వచ్చే సీజన్ టికెట్ ప్యాకేజీ. 2024 ఆగస్టు 8న గ్రిఫోల్‌ని తీసేసిన రోజు, తొమ్మిది. మళ్లీ టికెట్లు. ఆ పైకి లేచిన ప్రతి చోటు తర్వాత రెండు మూడు వారాలకి ఒకటి, రెండు. పిల్లాడి టోపీ గొడవ కూడా సరిగ్గా అలాంటి గుంటలోనే పడింది.

నోట్స్ తీసి మొదటి పేజీ చూశాను. ఎవర్నో పీకేసిన రోజే భయమేస్తుందని ఆవిడ మొదటి పది నిమిషాల్లోనే చెప్పారు. ఇంట్లో వాతావరణం ఎక్కడ మారుతుందో ఇంట్లో ఉండేవాళ్లకి తెలిసినట్టు మనకి తెలీదు, తెలిసినవాళ్లు చెప్పినా మనం గీత గీసి వదిలేస్తాం.

ఆయన్ని తినేది ఓటమి కాదు, ఆశ. అందులోనూ ఒక రకం ఆశ, మనిషి మారాడు కాబట్టి కథ మారిందన్న ఆశ.

తర్వాతి సెషన్లో బోర్డు దగ్గరికి పంపాను. నాకీ ఆట తెలీదు కదా, అసలెవరు ఎవరి కింద పనిచేస్తారో గీసి చెప్పండి అన్నాను, నిజంగానే తెలీదు. ఇక్కడే నా తెలియనితనం పనికొచ్చింది, తెలిసుంటే ఆయన గీసేవారు కాదు, వాదించేవారు. మార్కర్ తీసుకుని కింద మేనేజర్ డబ్బా వేసి పేర్లు రాస్తూ పోయారు. ఓజీ గియెన్, 2005 కప్పు ఆయనదే, 2011లో వెళ్లిపోయారు. కొట్టేశారు. రాబిన్ వెంచురా. కొట్టేశారు. రిక్ రెంటరియా, 2020లో ప్లేఆఫ్స్‌కి తీసుకెళ్లిన ఆయన్ని ఆ అక్టోబర్‌లోనే పంపించేశారు. కొట్టేశారు. ఆయన స్థానంలో టోనీ లా రుస్సా, 76 ఏళ్లు, 2011 తర్వాత మళ్లీ ఏ టీమ్‌కీ మేనేజర్‌గా చెయ్యలేదు, 1986లో ఇదే టీమ్ తీసేసిన మనిషి, అప్పుడు తీసేయడం తప్పయిందని ఓనర్ చాలాసార్లు చెప్పుకున్నాడు. 2021లో 93 గెలిచి డివిజన్‌లో, అంటే తమ గ్రూపులో, ఫస్ట్ వచ్చారు, 2022లో 81-81. ఆ ఏడాది జూన్‌లో ఎదుటి టీమ్ డాడ్జర్స్ బ్యాటర్ ఒకడు ఇంకో స్ట్రైక్ పడితే అవుటయ్యే పొజిషన్లో ఉంటే, లా రుస్సా అతన్ని కావాలని ఫ్రీగా ఫస్ట్ బేస్‌కి నడిపించేశారు, తర్వాత వచ్చినవాడు మూడు పరుగుల హోమ్ రన్ (మన సిక్సర్ లాంటిది) కొట్టాడు. ఆ సీన్ ఆయన నా ఆఫీసులో నిలబడి యాక్టింగ్ చేసి చూపించారు, కుషన్‌ని బ్యాట్‌లా పట్టుకుని. తర్వాత గ్రిఫోల్, 2023లో 61-101. కొట్టేశారు. మధ్యలో తాత్కాలికంగా గ్రేడీ సైజ్‌మోర్, 13-32.

పై డబ్బాలో విలియమ్స్, హాన్, రెండూ కొట్టేసి క్రిస్ గెట్జ్ అని రాశారు. పైవాళ్లని తీసేసిన తొమ్మిది రోజులకే కొత్త జనరల్ మేనేజర్, బయటినుంచి కాదు, అదే ఆఫీసులో ప్లేయర్ డెవలప్‌మెంట్ చూసుకుంటున్న మనిషే.

అన్నిటికన్నా పైన ఒక డబ్బా. జెర్రీ రైన్స్‌డార్ఫ్, 1981. దాని మీద కొట్టేసిన గీత లేదు.

ఆయన వెనక్కి రెండడుగులేసి బోర్డు చూశారు. "తెలుసు మేడమ్, ఇది కొత్తేం కాదు, స్టేడియంలో అందరం టీమ్ అమ్మెయ్యమనే కదా అరుస్తున్నాం" అన్నారు. నేను అడిగిందొక్కటే, మరి ఇంత తెలిసీ కింది డబ్బాలో పేరు కొట్టేసిన ప్రతి రాత్రీ టికెట్లు ఎందుకు కొన్నారు? జవాబు రాలేదు. మార్కర్ మూత పెట్టి తీసి పెట్టి తీసి చేశారు కాసేపు.

ఫ్యామిలీ థెరపీలో దీనికి మాటలున్నాయి. డబ్బాలో పేరు మారితే మొదటి రకం మార్పు, డబ్బాలు ఎలా అమర్చారో అది మారితే రెండో రకం. మొదటి రకం మార్పులో చప్పుడెక్కువ, అందుకే బయటినుంచి చూసేవాళ్లకి పెద్దదిలా కనిపిస్తుంది. ఇక్కడ నిజాయితీగా ఒకటి చెప్పాలి, మొదటి రకం మార్పు ప్రతిసారీ దండగని కాదు. మన హైదరాబాద్ సన్‌రైజర్స్ 2021లో సీజన్ మధ్యలో వార్నర్‌ని కెప్టెన్సీ నుంచి తీసేసి విలియమ్సన్‌కిచ్చింది, ఆఖరి స్థానం. 2023లో మార్‌క్రమ్, మళ్లీ ఆఖరి స్థానం. 2024లో కమిన్స్ కెప్టెన్, వెటోరి కోచ్, ఫైనల్. ఓనర్లు వాళ్లే. కాబట్టి "ఓనర్ మారేదాకా ఆశే వద్దు" అని ఆయనకి చెప్పుంటే అది అబద్ధమయ్యేది, ఆయన నాకంటే లెక్కలు బాగా తెలిసినవాడు, వెంటనే పట్టేసేవారు కూడా.

ఆ తర్వాతి సెషన్‌కి భార్యాభర్తలిద్దర్నీ రమ్మన్నాను, బోర్డు అలాగే ఉంచాను. ఆవిడ చూసి, "మా ఇంట్లో కూడా ఇంతే కదండీ. గొడవైన ప్రతిసారీ టీవీని బేస్‌మెంట్‌లోకి మార్చారు, ఫోన్‌కి లాక్ యాప్ పెట్టారు, ఆదివారం ఫ్యామిలీ డే అన్నారు. అన్నీ మారాయి, రాత్రి పన్నెండు దాకా కూర్చునేది మాత్రం మారలేదు" అన్నారు. ఆయనకి కోపమొచ్చింది, ఇంకా ఇరవై నిమిషాలుండగానే లేచి వెళ్లి కార్లో కూర్చున్నారు. ఆవిడ మాత్రం కూర్చుని మంచినీళ్లు తాగి, టైం అయ్యాకే వెళ్లారు.

ఆ ఇరవై నిమిషాల్లో నాకు తట్టింది ఇంకా ఇబ్బందికరమైనది. నేను చేసిందేంటి? మానేయడం, తవ్వడం, థాట్ రికార్డ్. పది వారాల్లో ముగ్గురు మేనేజర్లు. పైన కూర్చున్న ఓనర్ మాత్రం ఒకడే, అదేంటంటే "ఈయన్ని టీమ్ నుంచి విడదీయాలి" అన్న నా ఆలోచన. దాన్ని ఒక్కసారి కూడా నేను ప్రశ్నించలేదు.

పని చేసింది

ఆయన వచ్చే వారం వస్తారో రారో అనుకున్నా, వచ్చారు. నేను ముందుగా లక్ష్యం మార్చాలన్నాను. ఫ్యాన్‌గానే ఉండండి, తిట్టుకోండి కూడా, టీమ్ ఏం చేస్తుందో మన చేతిలో లేదు, మీరు దానికేం కడుతున్నారో అది మాత్రం మీ చేతిలో ఉంది. నిద్ర, డబ్బు, పిల్లాడు, ఈ మూడింటి లెక్క చూద్దాం.

మాట్లాడి మాట్లాడి ఆయనే కొన్ని రూల్స్ రాసుకున్నారు. ముఖ్యమైనది డెబ్బై రెండు గంటలది. టీమ్‌లో ఎవర్ని తీసేసినా, ఎవర్ని పెట్టినా, మూడ్రోజుల పాటు టికెట్ కొనకూడదు, ఈమెయిల్ పంపకూడదు, ఆ విషయం మీద ఇంట్లో ఉపన్యాసం ఇవ్వకూడదు. హుషారు గరిష్ఠంగా రెండ్రోజులే ఉంటోందని చార్టులో కనిపించింది కాబట్టి మూడు పెట్టాం. ఇంకోటి, కొత్త మేనేజర్ మీద నలభై గేముల దాకా తీర్పు లేదు, మంచని కాదు చెడ్డని కాదు. నలభై ఎందుకంటే సీజన్‌లో దాదాపు పావు వంతు. ఆశ వద్దనడం లేదు, ఆశకి వాయిదా వేస్తున్నాం. వెస్ట్‌కోస్ట్ గేములు లైవ్‌లో లేవు, పొద్దున కాఫీతో స్కోరు. తిట్టుకోడానికి ఆఫీసు నుంచి ఇంటికొచ్చే దారిలో ఇరవై నిమిషాలు, పాత రూమ్మేట్ ఒకాయన ఫోన్లో ఉంటాడు, ఆయనా ఇదే బాధలో ఉన్నవాడే, కారు గ్యారేజ్‌లోకి రాగానే ఫోన్ కట్.

టోపీ సంగతి నేనెత్తలేదు. అది ఆయనే తేల్చుకోవాలనిపించింది.

అదే సమయానికి కొత్త మేనేజర్‌గా విల్ వెనబుల్ వచ్చారు, ఈసారి బయటినుంచే, టెక్సాస్ నుంచి. మూడ్రోజులు నోరెత్తలేదని ఆవిడ నమ్మలేనట్టు చెప్పారు. డిసెంబర్‌లో మాత్రం జారారు, టీమ్‌లో మిగిలిన ఒకే ఒక్క మంచి పిచర్ (మన బౌలర్ లాంటివాడు) గ్యారెట్ క్రోషేని బోస్టన్‌కి ఇచ్చేసినప్పుడు, రాత్రి రెండింటికి ఈమెయిల్ రాశారు, డ్రాఫ్ట్‌లో పెట్టి మూడో రోజు మళ్లీ చదువుకుని సగం తీసేసి పంపారు. నాకది ఫెయిల్యూర్ అనిపించలేదు. ఆ ఈమెయిల్ నాకు చూపించారు, సగానికి తగ్గాక చాలా బాగుంది, ప్రతి లైనూ తగిలేలా ఉంది.

2025 సీజన్ 60-102. పోయినసారి కంటే 19 ఎక్కువ గెలిచారు, అయినా వరసగా మూడో ఏడాది వంద దాటి ఓటములు. ఆయన గ్రాఫ్‌లో ఆ సీజనంతా నాలుగు, ఐదు, నాలుగు. పదులు లేవు, ఒకట్లూ లేవు. ఆరు గేములకి చిన్నోణ్ణి తీసుకెళ్లారు.

నాకు మిగిలినవి

తోటి కౌన్సెలర్లకి ఒకటి రెండు చెప్తాను. కోపం కింద ఏముందో వెతికే ముందు, కోపం దేని మీదని చెప్తున్నారో దాని గురించి ఒక పూటైనా చదవండి. నేను వైట్ సాక్స్ చరిత్ర మొదటి వారంలోనే చదివుంటే థాట్ రికార్డ్‌తో నవ్వులపాలయ్యేదాన్ని కాదు. నిజమైన ఫిర్యాదుని వక్రమైన ఆలోచనలా ట్రీట్ చేస్తే మనిషికి మన మీద నమ్మకం పోతుంది, ఈయనకి పోకపోవడం నా అదృష్టం.

మూడ్ చార్ట్ వేయించేటప్పుడు చెడ్డ రోజుల కోసమే చూడకండి, మరీ మంచి రోజులు ఎక్కడున్నాయో చూడండి. ఇదే పద్ధతి తర్వాత ఇంకో ఇద్దరి దగ్గర వాడాను, ఒకరికి ఆఫీసులో రీఆర్గ్ జరిగిన ప్రతిసారీ, ఇంకొకరికి మరిది తాగడం మానేస్తానని ఒట్టేసిన ప్రతిసారీ, గ్రాఫ్ అదే ఆకారం. ట్రీట్‌మెంట్ మాత్రం అదే కాదు, మరిది కేసులో టికెట్లు వాయిదా వేసినట్టు వేయలేం, అది వేరే కథ.

ఇంకా నాకు తేలనిది ఒకటుంది. ఆ పదుల్ని తీసేసి నేను ఆయన దగ్గర్నుంచి ఏమైనా లాక్కున్నానా అని. ఆవిడ ఒకసారి నవ్వుతూనే అన్నారు, "ఇప్పుడు ఇంట్లో ప్రశాంతంగా ఉందండీ, కానీ ఆ పిజ్జా రాత్రులు పిల్లలకి ఇష్టంగా ఉండేవి".

తర్వాత

నెలకోసారి ఫాలో అప్‌కి తగ్గించాం. 2025 మేలో మధ్యాహ్నం పూట ఒక మెసేజ్ వచ్చింది, మామూలుగా ఆయన మెసేజ్ పెట్టరు. కొత్త పోప్ లియో చికాగో మనిషి, వైట్ సాక్స్ ఫ్యాన్, 2005 వరల్డ్ సిరీస్ మొదటి గేమ్‌లో స్టాండ్స్‌లో కూర్చుని టీవీలో కనబడ్డాడు కూడా. "చూశారా మేడమ్, ఇక మనకి దేవుడే దిక్కని అఫీషియల్‌గా తేలింది."

జూన్‌లో అసలు వార్త వచ్చింది. జస్టిన్ ఇష్బియా అనే ఆయన టీమ్‌లో పెట్టుబడి పెడతాడు, 2029 నుంచి 2033 మధ్యలో రైన్స్‌డార్ఫ్ కావాలనుకుంటే టీమ్ పగ్గాలు ఆయనకి అమ్మొచ్చు, 2034 తర్వాతైతే కొనే హక్కు ఇష్బియాదే. బోర్డు మీద ఇన్నేళ్లూ గీత పడని ఆ పై డబ్బాకి మొదటిసారి ఒక తేదీ వచ్చింది. ప్రకటన వచ్చిన మర్నాడే మా అపాయింట్‌మెంట్. ఎలా వస్తారో అనుకుంటూ కూర్చున్నాను.

వచ్చారు, కూర్చున్నారు, చిన్నోడి సమ్మర్ క్యాంప్ గురించి చెప్పారు, వెనక గడ్డి ఎండిపోతోందన్నారు, మా ఆఫీసులో ఏసీ ఎక్కువైందన్నారు. నేనే ఉండబట్టలేక, వార్త చూశారా అని అడిగేశాను.

ఆయన ఫోన్ తీసి టైమ్ చూసుకున్నారు.

"ఇంకా నలభై ఆరు గంటలుంది మేడమ్" అన్నారు.